కుర్చీ మీద చెయ్యి

అవ్వా,

నీ సంవత్సరీకానికి ఐరాల వచ్చాను. నిన్న పంచాయతీ ఆఫీసులో తాత ఫోటో పెట్టారు. "ఆయన తీర్పంటే తీర్పేనప్పా!" అని అందరూ పొగిడారు.

తగవు విని తాత చెప్పబోయే తీర్పు నచ్చకపోతే, నువ్వు తలుపు చాటున మజ్జిగ చెంబు ఠంగుమని పెట్టేదానివి. ఆయన వెంటనే "రేపు సెప్తా, పొండప్పా" అనేవాడు. మర్నాడు చెప్పేది నీ తీర్పే. నిన్న అక్కడ ఆ మాట నేనంటే నాయన కసిరాడు: "గమ్మునుండు. ఆడోళ్ల సంగతి ఈడెందుకు?"

మీరిద్దరూ కలిసి దిగిన ఒకే ఒక్క ఫోటోలోంచి తాత వరకే కత్తిరించి, చిత్తూరు స్టూడియోలో పెద్దది చేయించారు. ఆయన కుర్చీ మీద చెయ్యి వేసి వెనక నిలబడ్డావు కదా, ఆయన భుజం పక్కన నీ వేళ్లు మిగిలిపోయాయి.

నాయన పూలదండను అటూ ఇటూ సర్దాడు. అయినా అవి కనబడుతూనే ఉన్నాయి.