ఆ కోట సున్నంలో ఏం కలిపారు?

మావయ్యగారూ,

మీరు పోయి ఏడాదైంది. మీ ప్రశ్నకు ఇవాళ జవాబు దొరికింది.

ఇక్కడ కెనడాలో, ఒషావాలో మన పక్కింటి నోరా ఆంటీ గోడమీద ఐర్లండ్ కోట ఫొటో గుర్తుందా? సముద్రం ఒడ్డున, పైకప్పు లేకుండా నిలబడి ఉంటుంది. "ఐదొందల ఏళ్లు ఉప్పుగాలికి ఆగిందంటే సున్నంలో ఏం కలిపారో అడగమ్మా," అన్నారు మీరు. భీమిలిలో నలభై ఏళ్లు తాపీపని చేసిన మనిషి కదా! నాకేమో మొహమాటం. ఆంటీతో ఇంగ్లీషులో "చాలా బాగుందంటున్నారు" అని చెప్పి ఊరుకున్నాను.

ఇవాళ నేనే వెళ్లి అడిగాను. ఆంటీ చిన్నప్పుడు అక్కడ ఏరుకున్న సున్నపు పెళ్ల తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఆల్చిప్ప ముక్కలున్నాయి! ఫిరంగులు ఒక పక్క గోడ కూల్చాయట. పడిన రాళ్లను ఊరివాళ్లు పశువుల కొట్టాలకు మోసుకుపోయారట. మిగతా గోడలను మాత్రం ఆ గుల్ల సున్నమే ఇన్నాళ్లూ పట్టుకుని ఉందట.

"బాగుందనేవాళ్లు ఫొటోలో రాళ్ల సందుల మీద వేలు పెట్టి చూపించరుగా! ఆయన ఇంకేదో అడిగారని అప్పుడే అనుకున్నా," అంది ఆంటీ. "మరి మీ ఊళ్లో సున్నంలో ఏం కలిపేవారు?"

అది నేను మిమ్మల్ని ఎప్పుడూ అడగలేదు, మావయ్యగారూ.