స్తంభం మారలేదు

తార్‌బహార్, బిలాస్‌పూర్
అక్టోబరు 6

ప్రియమైన స్వాతీ,

ప్రియమైన అని అలవాటుకొద్దీ రాశాను, మురిసిపోకు. ఫోనులో అరుచుకోవడం తప్ప మనకేమీ చేతకాదు కాబట్టి ఈ ఉత్తరం.

లాల్‌ఖదాన్‌లో మా గోనెసంచుల గోడౌన్‌లో నిప్పు రాజుకుంది. నువ్వు విశాఖలో కూర్చుని ప్లాను గీసి పెట్టించిన పొగ సెన్సార్లలో ఒక్కటీ మోగలేదు. కాపలాకి ఉన్న నాన్న కమురు వాసన పట్టాడు. ఫోనులో సెన్సార్ల చుక్కలన్నీ పచ్చగా ఉన్నాయని ధైర్యం చేసి సంచుల గుట్ట పైకెక్కాడు. పైనంతా పొగే. ఇప్పుడు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు, కళ్లు తెరవలేదు.

నెలాఖరున విచారణ. తప్పు నీ ప్లానుదేనని గోడౌన్ ఇన్‌ఛార్జిగా సంతకం పెడుతున్నాను. నీ ఉద్యోగం ఊడితే నాకేమీ బాధ లేదు.

ఇక నీవాడు కాని,
గిరిబాబు


విశాఖపట్నం
అక్టోబరు 12

ప్రియమైన గిరిబాబు గారికి,

ఆ అలవాటు నాకూ ఉంది. మావయ్య ఆసుపత్రిలో ఉంటే నాకు ఇప్పుడా కబురు? మొదటి రైలుకే వచ్చేదాన్ని. గుమ్మంలోనే ఆపేస్తారని తెలిసినా వచ్చేదాన్ని.

తప్పు నాదంటే మాత్రం ఊరుకోను. మీ గోడౌన్ రెండంతస్తుల ఎత్తుంటుంది. ఒక్కో సెన్సారు తన చుట్టూ, పైనా కిందా, కొంత మేరే పసిగడుతుంది. ఎక్కడా ఖాళీ మిగలకుండా కొన్ని కప్పు కింద, కొన్ని నడిమి ఎత్తులో బిగించమన్నాను. దగ్గరుండి చూశాను కూడా. పొగ పైకే పోతుంది. పైనున్నవి మోగకపోవడం జరగదు.

నా నోటికాడ కూడు తీసే ముందు వాటి ఫొటోలైనా పంపండి.

స్వాతి


బిలాస్‌పూర్
అక్టోబరు 17

స్వాతీ,

ఇవిగో ఫొటోలు, కళ్లారా చూసుకో. ఏ సెన్సారు దాని స్తంభానికే ఉంది. ఫోనులో మ్యాపు తీసినా చుక్కలన్నీ నువ్వు గీసిన చోటే ఉన్నాయి. విశ్వకర్మ పూజకి దింపినవాటిని నా చేతులతో మళ్లీ ఎక్కడివక్కడే కట్టాను. నిచ్చెన పందిరివాళ్లు పట్టుకుపోయినా పని ఆపలేదు.

దింపమన్నది నాన్నే. రైల్వే షెడ్డులో పనిచేసినన్నాళ్లూ పనిముట్లన్నీ దేవుడి ముందు పెట్టిన మనిషి. "ఏటిరా సూస్తావు? ముందు ఈటికే బొట్టెట్టాల. మా కోడలు సేసిన మిసన్లివి" అన్నాడు. ఒక్కోదానికీ తనే బొట్టు పెట్టాడు. అలాంటి మనిషిని మంచాన పడేశావు.

గిరిబాబు


విశాఖపట్నం
అక్టోబరు 22

గిరిబాబు గారికి,

ఫొటోలు చూశాక కాసేపు కోపం కూడా రాలేదు. తర్వాత వచ్చింది.

స్తంభం మారలేదు, ఎత్తు మారింది. నిచ్చెన లేదని అన్నిటినీ మీ చేతికందే ఎత్తులో కట్టారు. కప్పు కింద ఇప్పుడు ఒక్కటీ లేదు. ఆ మ్యాపు పైనుంచి చూసినట్టు ఉంటుంది. సెన్సారు కప్పు కిందున్నా నడుం దగ్గరున్నా చుక్క ఒకేచోట కనిపిస్తుంది. పొగంతా పైన నిండింది, సెన్సార్లన్నీ కింద మంచి గాలిలో ఉన్నాయి. మావయ్య ఆ పచ్చచుక్కల్ని నమ్మారు.

విచారణకి నేనే వస్తున్నాను. ఎత్తు చూపని మ్యాపు ఇచ్చింది నేనని చెబుతాను. కిందికి కట్టింది మీరనీ చెబుతాను, ఫొటోలు చూపిస్తాను. మీ మీద నాకు జాలి లేదు. ఎందుకు దింపారని అడిగితే పూజకని కాదు, దుమ్ము దులపడానికని చెప్పండి. నేను కాదనను.

మావయ్య కళ్లు తెరిచాక, కోడలి మిసన్లు ఎందుకు మోగలేదని అడుగుతారు. ప్లాను తప్పని చెప్పండి. నన్ను తిట్టుకోనివ్వండి. పూజ మాట ఆయన దగ్గర ఎత్తారంటే మాత్రం మిమ్మల్ని ఈ జన్మలో క్షమించను.

ఇంకా ఆయన కోడలినే,
స్వాతి