తలుపు వెనక సంచి

సూరమ్మా,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. బతికుండగానే నా రాత చదవనిదానివి, ఇప్పుడు చదువుతావా? కానీ మనవరాలి సంగతి నీకు చెప్పకపోతే నాకు గారెలు అరిగేలా లేవు.

నువ్వు పోయాక మన లక్ష్మి మద్రాసులో ఎయిర్ హోస్టెస్ అయింది. నెలలో కొన్నాళ్ళు దానికి ఫలానా విమానం అని ఉండదు. చీర కట్టుకుని, పెట్టె సర్దుకుని ఫోను దగ్గర కూర్చోవాలి. ఎవరికైనా జ్వరమొస్తే బదులు దీన్ని పిలుస్తారు. దాన్ని స్టాండ్‌బై అంటారట, కొత్తవాళ్ళ వంతే ముందట. మంత్రసానివి, నీకు విడమర్చాలా? తలుపు వెనక సంచి పెట్టుకుని ముప్పయ్యేళ్ళు నువ్వు చేసిందీ అదే. దరియాలతిప్ప నుంచి మనిషొస్తే అన్నం మధ్యలో లేచిపోయేదానివి, నీ కంచంలో చేపముక్క నా పాలయ్యేది.

నిన్న పన్నెండింటికి దాని స్టాండ్‌బై అయిపోవాలి, అవగానే నీ ఆబ్దికానికి రైలెక్కాలి. పదకొండున్నరకి పిలుపొచ్చింది. కిరాణా కొట్టుకి ఫోను చేసి నన్ను పిలిపించింది.

"ఢిల్లీ వెళ్ళమన్నారు తాతయ్యా, రాలేను."

"ఆ ఫోను ఎత్తకుండా మోగనివ్వాల్సింది. అరగంటలో గండం గడిచిపోయేదిగా."

"మామ్మ ఎప్పుడైనా తలుపు తియ్యకుండా ఊరుకుందా?"

వెళ్ళిరమ్మని చెప్పి ఫోను పెట్టేశాను.

ఈవేళ అది రాకపోయినా దానికీ ఒక విస్తరి వేశాం. అందులో గారెలు నేనే తిన్నాను.