ప్లాస్టిక్ మీద నిలవని ముద్ర

నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. మీరూ, అమ్మా, చెల్లీ క్షేమమని ఒకే ఉత్తరంలో మూడు చోట్ల రాశారు. రెండు చోట్ల రాసి ఉంటే నమ్మేదాన్నే, మూడోసారి చదివాక కాస్త అనుమానం వచ్చింది. అమ్మ మోకాలి నొప్పి నిజంగా ఎలా ఉందో ఆవిడ పక్కన లేనప్పుడు రాయండి.

ముందుగా ఒక్క మాట. టైలర్ బాబాయి కూతురి నర్సింగు సర్టిఫికెట్ వచ్చే నెల మొదట్లో చేతికొస్తుందనీ, దాన్ని కూడా నాకు చేసినట్టే మన జిరాక్స్ షాపులో మందపాటి షీటు వేసి లామినేషన్ చేసి ఇస్తాననీ రాశారు కదా. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు ఆ పని చేయకండి. ఎందుకో చెబుతాను. చెప్పడానికి నాకు ధైర్యం కావాలి. అది వచ్చేలోపు మీరు అడిగినవాటికి జవాబులు రాస్తాను.

గది ఎలా ఉందని అడిగారు. మూడో అంతస్తులో ఉంది, దానిపైన ఇక డాబానే. పొద్దున్నే కిటికీ తెరిస్తే బయటంతా మంచు. ఎదురిళ్లన్నీ మాయమైపోయి, వాటి మీది నీళ్ల ట్యాంకులు మాత్రం గాల్లో తేలుతూ కనిపిస్తాయి. కాసేపటికి ఒక కిటికీ వస్తుంది, తర్వాత ఒక పిట్టగోడ, ఆ తర్వాత మెట్లు. నేను బ్రష్ నోట్లో పెట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోతాను. నాతో ఉండే అమ్మాయి ల్యాబ్ టెక్నీషియన్. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక సీసా ఉంటుందని ఆసుపత్రిలో అందరూ ఆమెను ‘సీసా’ అంటారు. “ఏమే, ఇవాళైనా ఇళ్లన్నీ వచ్చాయా, లేక ఒకటీ అరా తగ్గాయా?” అని రోజూ మంచం మీద నుంచే అడుగుతుంది. నేను చూసి చెప్పాకే లేస్తుంది.

ఇక్కడి భాష వచ్చిందా అన్నారు. సగం వచ్చింది. మిగతా సగం చెవికి పాటలా వినిపిస్తుంది. బస్సులో వెనక సీటువాళ్లు పోట్లాడుకుంటున్నా నాకు హాయిగా నిద్ర పడుతుంది. ఎవరిది తప్పో తెలియదు కదా. మొదటి నెలంతా నీళ్లలో మునిగి నడుస్తున్నట్టే ఉంది. అందరి పెదాలూ కదిలేవి, మాట మాత్రం ఎక్కడో దూరం నుంచి వచ్చేది. ఇప్పుడు ఫరవాలేదు. కూరగాయలావిడ నన్ను మోసం చేస్తే ఏమని మోసం చేసిందో అర్థమవుతోంది.

వేళకు తింటున్నాను. చిక్కిపోయానా అంటే చెప్పలేను, మా గదిలో అద్దం చిన్నది, ముఖం వరకే కనిపిస్తుంది.

రోజుకు ఎన్ని ఇంజక్షన్లు చేస్తున్నావు, షాపుకొచ్చినవాళ్లు అడుగుతున్నారు, సరిగ్గా చెప్పు అని రాశారు. వెనకటి ఉత్తరంలో ఇరవై అన్నాను. అంతకు ముందు పదిహేను అన్నాను. మరీ ఒకేసారి పెంచితే బాగుండదని మెల్లగా పెంచుకుంటూ వచ్చాను. నాన్నా, నేనిక్కడికి వచ్చి మూడు నెలలైంది. ఇప్పటిదాకా ఒక్క ఇంజక్షను కూడా చేయలేదు.

కంగారు పడకండి. ఉద్యోగం పోలేదు. నన్ను లినెన్ రూములో పెట్టారు. ఆసుపత్రిలోని దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల గౌన్లు ఉతికి వచ్చాక అక్కడే మడతపెట్టి వార్డులకు పంపుతారు. అక్కడ నాతో పనిచేసే పెద్దావిడను దుప్పట్లత్త అని పిలుస్తాను. లాండ్రీ నుంచి వెచ్చవెచ్చగా వచ్చిన దుప్పటిని ఆవిడ అటు రెండు కొసలు, నేనిటు రెండు కొసలు పట్టుకుంటాం. ఒక్కసారి దులిపితే అది గాలి నింపుకుని మా మధ్య లేస్తుంది, ఆవిడ కనిపించకుండా పోతుంది. మెల్లగా దిగుతుంది. అప్పుడు ఒకరివైపు ఒకరం నడిచి కొసలు కలుపుతాం, మళ్లీ వెనక్కి నడుస్తాం. ఆ గదిలో గట్టిగా మాట్లాడినా మాట మెత్తగానే వినిపిస్తుంది. మధ్యాహ్నం ఎండ వచ్చి తెల్లటి దొంతరల మీద పడితే అత్త సగం వాక్యంలో ఆగిపోతుంది, మిగతా సగం నేనూ అడగను. అబద్ధం చెప్పను, ఆ పనిలో హాయి ఉంది. కొన్ని మధ్యాహ్నాలు నేను నాలుగేళ్లు ఏం చదివానో, ఎందుకొచ్చానో కూడా మరిచిపోయాను. తర్వాత గుర్తొచ్చినప్పుడు చాలా భయం వేసింది.

చేతులు మాత్రం మరిచిపోలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నాడి చూస్తున్నట్టు పక్కనున్న సీసా మణికట్టు పట్టుకున్నానట. అది కదలకుండా పడుకుని, నేను కళ్లు తెరిచాక, “ఎంతుందో చెప్పు, రాసుకుంటాను” అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత నేను బాత్రూములోకెళ్లి ఏడ్చాను.

వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక డ్రాయింగు మాస్టారుంటారు. రిటైరయ్యారు. దుప్పటి మార్చడానికి వెళితే పైకప్పు చూపించి, “పొద్దున తెలుపు, పదింటికి పసుపు, ఇప్పుడు చూడు, బూడిద రంగు. నువ్వొచ్చినప్పుడల్లా మారుస్తున్నావా ఏంటి?” అంటారు. మొన్న నేను వెళ్లేసరికి ఆయన సెలైను అయిపోయి, ట్యూబులో రక్తం వెనక్కి ఎక్కుతోంది. నా చెయ్యి దానంతటదే ట్యూబును మూసే క్లాంపు మీదికి వెళ్లి, అంగుళం దూరంలో ఆగింది. ముట్టుకోవడానికి నాకు హక్కు లేదు. పరుగెత్తుకెళ్లి సిస్టరును పిలుచుకొచ్చాను. ఆయనకేమీ కాలేదు. అంతా అయ్యాక మాస్టారు అడిగారు.

“నువ్వు నర్సువే కదా?”

“ఇంకా కాదండీ మాస్టారూ.”

“మరి ఆ చెయ్యి అలా ఎందుకెళ్లింది?”

దుప్పటి అంచు నాలుగుసార్లు సర్దాను.

ఇంతకీ కారణమేమిటంటే, మన రాష్ట్రంలో నమోదైన నర్సు వేరే రాష్ట్రానికి వస్తే అక్కడి నర్సింగు కౌన్సిల్లో కూడా పేరు నమోదు చేయించుకోవాలి. వాళ్లు మన సర్టిఫికెట్ వెనకవైపు ముద్ర వేసి, ఒక నంబరు రాసి ఇస్తారు. ఆ నంబరు లేకుండా ఇక్కడ సూది పట్టుకోనివ్వరు. చేరిన వారంలోనే పెద్ద సిస్టరు నన్ను అక్కడికి పంపారు. కౌంటరులో కళ్లజోడు గుమస్తాగారు, మా మేనత్త వయసావిడ. నా సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి, “ఇలా చూడమ్మాయ్” అని దాని వెనక ముద్ర వేసి చూపించారు. ఒక్క క్షణం నీలంగా, గుండ్రంగా మెరిసింది. ఆవిడ వేలితో తుడిస్తే మొత్తం పోయింది.

“ప్లాస్టిక్ మీద ముద్ర నిలవదు. పీకావనుకో, అక్షరాలు కూడా లేచొస్తాయి, ఆ పని మాత్రం చేయకు. మీ కౌన్సిలుకు రాసి కొత్తది తెప్పించుకో” అన్నారు.

రాయడం ఎంతసేపు? ఫారం ఆ రోజే తీసుకున్నాను. కానీ కొత్త సర్టిఫికెట్ శాశ్వత చిరునామాకే పంపుతారట. అంటే నేరుగా మీ చేతికి. అది చూసి మీరు ఎందుకని అడుగుతారు. లామినేషన్ చేసిన రోజు మీరు చేతులు రెండుసార్లు కడుక్కుని, కాగితం కదలకూడదని ఫ్యాను ఆపించి, షాపులో ఉన్నవాళ్లందరినీ “కాసేపు ఆగండి, మా అమ్మాయిది” అని నిలబెట్టారు. మిషన్లోంచి వచ్చాక ఎత్తి పట్టుకుని, “ఇక దీని మీద నీళ్లు పడినా ఏం కాదు, చెదలు పట్టినా ఏం కాదు” అన్నారు. అమ్మ స్పైరల్ బైండింగు వదిలేసి వచ్చి చూసింది. అలాంటి మనిషికి ఈ మాట ఎలా రాయను? రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ, దుప్పట్లు మడుస్తూ, మీకు ఇరవై ఇంజక్షన్లు రాస్తూ మూడు నెలలు గడిపేశాను. ఫోనులో చెబుదామని కూడా చూశాను. మీరు “ఏం తల్లీ” అనగానే, భోంచేశారా అని అడిగి పెట్టేశాను. చివరికి పెద్ద సిస్టరు, ఈ నెలాఖరులోపు కనీసం దరఖాస్తు చేసినట్టు రసీదు చూపించకపోతే నా ఉద్యోగం ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని చెప్పేశారు.

ఇదంతా మీరు క్షమిస్తారని నాకు తెలుసు. అసలు చెప్పాల్సింది ఇది కాదు.

మొదటిసారి ఆ కౌంటరు దగ్గర గుమస్తాగారు నా సర్టిఫికెట్ పైకెత్తి, “ఎవరమ్మా ఈ ఘనకార్యం చేసింది?” అని అడిగారు. వరసలో నా వెనక పదిమంది ఉన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వి, “ఎవరో షాపువాడండీ” అన్నాను.

అంతే అన్నాను నాన్నా. ఎవరో షాపువాడు. ఆ షాపులో మీ బల్ల కింద కూర్చుని అక్షరాలు దిద్దినదాన్ని, ఆ మిషన్ల వేడి పక్కన పరీక్షలకు చదివినదాన్ని. ఊరు మారి వారం కూడా కాలేదు, నా నోట ఆ మాట వచ్చింది. ఇన్నాళ్లూ మీకు రాయలేకపోయింది అందుకే. సర్టిఫికెట్ సంగతి రాస్తే ఇది కూడా రాయాలి. సిగ్గుతో చచ్చిపోయాను.

టైలర్ బాబాయి కూతురి గురించి మీ ఉత్తరం అందిన రోజు ఇక ఊరుకోలేకపోయాను. ఆ పిల్ల కూడా ఇంకో రాష్ట్రానికే వెళుతోందని రాశారు. నేను నోరు మూసుకుంటే దానికీ ఇదే గతి పడుతుంది. సెలవు పెట్టి మళ్లీ కౌన్సిలుకు వెళ్లాను. దరఖాస్తుకు జతచేయడానికి, నా సర్టిఫికెట్‌ను ఎందుకు తిప్పి పంపారో వాళ్ల చేత రాయించుకోవాలి. అదే గుమస్తాగారున్నారు. నన్ను గుర్తుపట్టలేదు. సర్టిఫికెట్ తీసుకోగానే నేనే చెప్పాను.

“ఇది మా నాన్నగారు చేశారండీ. మాకు జిరాక్స్ షాపు ఉంది. చెయ్యకూడదని ఆయనకు తెలియదు. చాలా జాగ్రత్తగా చేశారు.”

ఈసారి వరసలో ఎవరూ నవ్వలేదు. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, సర్టిఫికెట్‌ను కిటికీ వెలుతురుకు పట్టి, నాలుగంచులూ వేలితో తడిమి చూశారు. చాలాసేపు చూశారు. “ఈ కుర్చీలో కూర్చుని ఇలాంటివి వందలు వెనక్కి పంపానమ్మాయ్. ఒక్క బుడగ కూడా లేకుండా ఉన్నది ఇదొక్కటే” అన్నారు. అప్పుడు మాత్రం అందరి ముందూ ఏడ్చేశాను. ఆవిడ కాగితం రాసి, సంతకం పెట్టి ఇచ్చారు.

దరఖాస్తు నిన్న రిజిస్టరు పోస్టులో పంపాను. పాతదాన్ని కూడా జతచేయమన్నారు, చేశాను. రసీదు చూసి పెద్ద సిస్టరు సరేనన్నారు. నంబరు వచ్చేదాకా లినెన్ రూములోనే ఉంటాను. కొత్త సర్టిఫికెట్ మరో రెండు నెలల్లో మీకు అందుతుంది. చేతులు కడుక్కుని తీసి చూడండి, అమ్మకు చూపించండి, కావాలంటే షాపుకు కూడా తీసుకెళ్లండి. మిషన్ స్విచ్చి మాత్రం వేయకండి.

ఇన్నేళ్లలో ఎంతమందికి చేశానో అని మీరు ఇవాళంతా కూర్చుని తలుచుకుంటారు. మీ సంగతి నాకు తెలుసు. వాళ్లంతట వాళ్లే తెచ్చి చేయమని అడిగారు, చేయకూడదని ఎవరూ మీకు చెప్పలేదు. నాకు తెలిశాక మూడు నెలలు నేనూ చెప్పలేదు. ఆ తప్పు మీది కాదు, నాది.

ఆ పిల్ల సర్టిఫికెట్ తెచ్చినప్పుడు పారదర్శకంగా ఉండే కవరొకటి ఇచ్చి, అందులో పెట్టుకోమనండి. లామినేషన్ ఎందుకు వద్దంటున్నావు పెదనాన్నా అని అడుగుతుంది. ఎవరో అమ్మాయికి ఇలా జరిగిందట అని మాత్రం చెప్పకండి నాన్నా. మా అమ్మాయికి జరిగింది, చేసింది నేనే అని చెప్పండి. షాపులో ఎంతమంది ఉన్నా సరే, అందరికీ వినపడేలా చెప్పండి.

ఇట్లు,
జిరాక్స్ షాపువారి పెద్దమ్మాయి