అత్తమ్మ హజ్ గోడ

సాలిం నాన్నగారికి,

మీ వజీదా సలాములు. ఆ ఎడారి ఎండలో అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. నేను, సాలిం, బఖీత్ బావగారి ఇంటిల్లిపాదీ క్షేమం. అంతవరకే రాయగలను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. గేదె ఈనింది, పెయ్యదూడ. సాలింకి పైపళ్ళు రెండూ ఊడాయి. రొట్టె కొరకలేక పాలల్లో నానబెట్టుకు తింటున్నాడు. మీ పేరు చెప్పమంటే షాజ్లీకి బదులు గాలి వస్తోంది, వాడికది ఆటగా ఉంది, రోజంతా మీ పేరే ఊదుతూ తిరుగుతున్నాడు.

"అమ్మ వచ్చేసిందా? గోడ పూర్తయిందా? ఫోటో తీయించి పంపు" అని కూడా రాశారు. ఓడ వచ్చిందండీ. మన ఊరి హాజీలంతా దిగారు. అత్తమ్మ దిగలేదు.

మక్కా దగ్గరి మినాలో ఎండకి తాళలేక జనం తోసుకున్నప్పుడు ఆవిడ చెయ్యి మనవాళ్ళ పట్టు నుంచి జారిపోయిందట. చాలా వెతికామని అందరూ అంటున్నారు గానీ ఒక్కరూ నా కళ్ళలోకి చూసి చెప్పడం లేదు. ఆవిడ మూట మాత్రం తెచ్చిచ్చారు. మీకు కబురు పెడదామని బావగారు అంటే నేనే వద్దన్నాను. ఆ చమురు గొట్టాల క్యాంపులో, పక్కన మనవాళ్ళెవరూ లేకుండా, ఈ మాట ఎలా మోస్తారని ఆపాను. తిట్టండి, పడతాను.

ఇక గోడ సంగతి. హజ్‌కి వెళ్ళినవాళ్ళ ఇంటి గోడ మీద ఆ యాత్ర బొమ్మలు వేసే ముసలాయన పోయాక మన ఊళ్ళో హజ్ గోడలు వేసేవాళ్ళు లేరుగా. "నీ బడిపిల్లలున్నారు కదా, అమ్మ తిరిగొచ్చేలోగా వాళ్ళచేత వేయించు" అని మీరేగా అన్నారు! ఎనిమిదో తరగతి ఆడపిల్లలకి ఈ ఏటి బొమ్మల పని అదే ఇచ్చాను. ముందు కాగితం మీద గళ్ళు గీసి బొమ్మ వేయించాను. తర్వాత నీలిమందులో ముంచిన దారంతో గోడ మీద అవే గళ్ళు కొట్టాం. ఒక్కో పిల్లకి ఒక్కో బొమ్మ పంచాను. కాబా, ఒంటె, జంజం బావి అన్నీ సవ్యంగానే కుదిరాయి. ఓడ దగ్గరే వచ్చింది తంటా. మా పిల్లలు సముద్రం ఎప్పుడు చూశారు గనక? నైలు మీద టూరిస్టులు తిరిగే పెద్ద పడవే వాళ్ళు ఎరిగిన ఓడ. దాన్నే దించారు. పైన గొడుగులు, వాలుకుర్చీలు, గడ్డిటోపీల దొరలు!

బావగారు చూసి పకపకా నవ్వారు. "మా అమ్మ హజ్‌కి వెళ్ళిందా, షికారుకి వెళ్ళిందా అమ్మాయ్?"

"ఆ టోపీలన్నిటికీ తలపాగాలు చుట్టేస్తాంలే బాబాయ్" అంది రావియా. గాడిదబండి మన్సూర్ కూతురు, మా తరగతిలో ముఖాలు వేసేది అదొక్కతే. పాస్‌పోర్టు ఫోటో చూసి, నమాజులో కూర్చున్న అత్తమ్మని దించేసింది. గడ్డం మీది పచ్చబొట్టు కూడా మరచిపోలేదు.

హాజీల ఓడ వచ్చాక బావగారి నవ్వు పోయింది. ఓ సాయంత్రం సున్నం బకెట్టు పట్టుకుని వచ్చారు. "పరామర్శకి వచ్చేవాళ్ళు ఈ గొడుగులూ ఒంటెలూ చూసుకుంటూ గుమ్మం తొక్కాలా? కొట్టేస్తాను, తప్పుకోండి."

పిల్లలు తప్పుకోలేదు. రంగు బ్రష్షులతో గోడకి ఆనుకుని నిలబడిపోయారు.

"మామ్మ పోయిందని ఎవరన్నారు బాబాయ్? నువ్వు చూశావా?" అంది రావియా.

"నోర్ముయ్! మీ అబ్లా బడిలో నేర్పేది ఇదేనా?"

అందరూ నావైపు తిరిగారు. "ఇది పరీక్ష పని బావగారూ, ఇంకా మార్కులు వెయ్యలేదు. శుక్రవారం దాకా ఆగండి" అన్నాను. పచ్చి అబద్ధం. ఆయన బకెట్టు అక్కడే వదిలేసి, శుక్రవారం నమాజు కాగానే వస్తానని చెప్పి వెళ్ళారు.

ఆ రోజు నుంచి పిల్లలు గోడని పూర్తి కానివ్వడం లేదు. బడి వదలగానే వస్తారు, ఓ పావురం వేస్తారు, ఓ ఖర్జూరపు చెట్టు వేస్తారు, ఒంటెకి మరో కుచ్చు తగిలిస్తారు. గోడ అయిపోతే అత్తమ్మ కథా అయిపోతుందని వాళ్ళ భయం. నాకూ అదే భయమండీ, కానీ వాళ్ళకి పాఠం చెప్పే అబ్లాని కదా, పైకి చెప్పుకోలేను.

ఇప్పుడు అసలు మాట రాయాలి. నిన్న పొద్దు వాలేవేళ పక్క ఊరి హాజీ ఒకాయన వచ్చాడు. అక్కడ ఊరూపేరూ తెలియని శవాల్లో గడ్డం మీద పచ్చబొట్టున్న ముసలమ్మని చూశానన్నాడు. బావగారు కూలబడిపోయారు. నేను బయటికొచ్చాను. గోడ మీంచి అత్తమ్మ నన్నే చూస్తోంది. ఆ చూపు భరించలేకపోయాను. అదే బకెట్టు, అదే సున్నం. ఆ ముఖం మీద పూసేశాను. బావగారు కాదు, నేను! పిల్లల్ని అడ్డం నిలబెట్టి కాపాడించిన గోడని నా చేత్తో నేనే పాడుచేశాను. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు.

ఈ ఉదయం రావియా అందరికంటే ముందు వచ్చింది. గోడ చూసింది, నా గోళ్ళలో సున్నం చూసింది. పూతని వేలితో తాకి, "ఇంకా చెమ్మగానే ఉంది అబ్లా. చెమ్మ మీదే రంగు గట్టిగా పడుతుందని మీరే చెప్పారుగా" అని బ్రష్షు తీసింది. బడిగంట కొట్టేలోగా ముఖం మళ్ళీ వేసేసింది. రేపే శుక్రవారం. బావగారు సున్నం కొట్టడానికి వస్తారు.

ఇక్కడ ఆపి ఉత్తరం పెట్టెలో దాచాను. ఇప్పుడు మళ్ళీ రాస్తున్నాను.

శుక్రవారం బావగారు నమాజు నుంచి వచ్చారు. బ్రష్షు బకెట్టులో ముంచారు కూడా. పిల్లలు సెలవురోజైనా వచ్చి గోడకి అడ్డంగా ఉన్నారు. అంతలో సందు మొదట్లో టాక్సీ ఆగింది. ముందు పిల్లల్లో వర్ద కేక పెట్టింది, తర్వాత వీధి వీధంతా నాలుకలాడిస్తూ సంబరపు కేకలు. మీ అమ్మేనండీ! సగానికి సగం అయిపోయింది, కర్ర ఊతంతో దిగింది, కానీ దిగింది! వడదెబ్బ తగిలి పేరు చెప్పలేని స్థితిలో ఆసుపత్రిలో ఉందట. తెలివి వచ్చాక తర్వాతి ఓడ ఎక్కించారట. ఆ హాజీ చూసింది పచ్చబొట్టున్న మరెవరో ముసలమ్మని అన్నమాట. బావగారు సున్నం చేతులతోనే ఆవిడ కాళ్ళు పట్టుకుని భోరుమన్నారు.

ఇంట్లోకి రమ్మంటే వినదే! ముందు గోడ చూస్తానంది. "ఓడలో కుర్చీలెక్కడివే? మాకు నిలబడ్డానికే చోటు లేకపోయింది!" అని నవ్వింది. ముఖం దగ్గరికొచ్చి అరచెయ్యి ఆనించింది. "ఇక్కడొక్కచోటే సున్నం కొత్తగా ఉందేం?"

బావగారు తన బకెట్టు వైపు చూశారు. "నా చేతిలో రంగు చెదిరింది మామ్మా" అంది రావియా టక్కున. ఆ పిల్ల నాకోసం అబద్ధమాడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. "కాదు అత్తమ్మా, నేను చెరిపాను. మీరు పోయారనుకున్నాను" అన్నాను.

ఆవిడ గోడ మీది అరచెయ్యి తీసి నా తల మీద పెట్టింది. "ఆ జ్వరంలో ఉన్నానో పోయానో నాకే తెలీలేదే పిల్లా. నీకెట్లా తెలుస్తుంది?" అంది. తర్వాత గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా కర్రతో చూపించింది. "నేను వెళ్ళినవన్నీ వేశారు గానీ ఆసుపత్రి మంచం వెయ్యలేదు. అదీ నా హజ్‌లోదే. పిల్లలచేత కాదు, నువ్వే వెయ్యి."

వేశాను. కాబాకీ ఓడకీ మధ్య ఇనప మంచం. పిల్లలు చుట్టూ చేరి చూశారు, రావియా రంగు కలిపి అందించింది. ఆ మంచం మీద ఎవరినీ పడుకోబెట్టలేదు. దుప్పటి మాత్రం ఓ పక్కకి తొలగించి ఉంచాను, ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. ఫోటో ఈ కవరులోనే ఉంది.

ఇట్లు,
ఇక్కడ అందరం క్షేమం అని ఇప్పుడు నిండుగా రాయగలిగిన
మీ భార్య, సాలిం తల్లి
వజీదా