ఎర్రగుడ్డ కట్టిన బీరకాయ

కొత్తపేట, 28-5-69

అమ్మకు, బాపుకు దండాలు. పట్నంల తెలంగాణ లొల్లి సంగతి ఇని పరేషాన్ గాకుండ్రి, మేం మంచిగనె ఉన్నం. గని అమ్మా, ఇప్పుడు ఊరికి రాను. తిట్టకు.

మేం కిరాయికున్న ఇంటామె మాణిక్యమ్మది గుంటూరు దిక్కు. లొల్లికి భయపడి పిల్లలను తీస్కొని పదిరోజుల కింద వాళ్లూరికి పోయింది. పోయేటప్పుడు, "కాయలన్నీ కోసుకు తిను అండాలూ, ఆ ఎర్రగుడ్డ కట్టిన బీరకాయ ఒక్కటి మాత్రం విత్తనానికి ఉంచు" అన్నది. ఆమె ఇగ రాదని గల్లీల అందరు అంటున్నరు. ఆమె చెట్లకు నువ్వెందుకు నీళ్లు పోస్తున్నవని నన్నె అడుగుతున్నరు. రానిదైతే ఇత్తనానికి కాయ ఇడిచిపెట్టి పోతదా? గంత తెలివి లేదు ఒక్కరికి.

రోజు పొద్దుగాల్ల బాయిల నీళ్లు చేది మల్లెలకు, వంకాయ మడికి పోస్తున్న. ఆ బీరకాయ ఎండి గలగలమంటున్నది.

తమ్ముని దగ్గు తగ్గిందా? ఎవరన్న ఇటొస్తె బంతి ఇత్తులు పంపు.

ఒక్కటి జెప్పమ్మా. మిరుగం కార్తెల వానలు పడేనాటికి ఆమె రాకుంటె ఆ గింజలు నేనె పెట్టాల్నా, ఆమె వచ్చేదాక ఆపాల్నా? జల్ది రాయి. పాదు మాత్రం తవ్వి ఉంచిన.

నీ బిడ్డ
అండాలు