ఆరో రోజు అరవై రూపాయలు

నందిగామ,
12-8-1998

అక్కకి నమస్కారాలు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. మైలవరంలో నువ్వు, బావగారు, నా యామిని కులాసా అని తలుస్తాను. ఈ ఉత్తరం బావగారి కంట పడనివ్వకు. ఆయన దృష్టిలో నేనింకా పత్తి మిల్లులోనే ఉన్నాను.

యామినికి జ్వరం తగ్గిందని రాశావు, ప్రాణం కుదుటపడింది. ఈసారి మనియార్డరు ఎందుకు తగ్గిందని అడిగావు. తొమ్మిది రోజులు మేం పనిలోకి వెళ్ళలేదు. మేమంటే నేను, సుబ్బమ్మ, భారతీదేవి. వచ్చినవాడు రెండొందలిస్తే లాడ్జి గదికి ఎనభై, ఆటోకి ఇరవై పోయేవి. మేనేజరు కనకయ్య గది అద్దె నూట ఇరవై చేశాడు. మామూలు ప్రయాణికులకి అదే గది అరవై.

"పోలీసు కేసైతే లాడ్జి మూసుకోవాల్సింది నేను. కిట్టకపోతే జగ్గయ్యపేట నించి వేరేవాళ్ళని తెచ్చుకుంటా. పోయి ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి" అన్నాడు. చెప్పుకుంటే కేసు మా మీదే కదా.

"ముగ్గురం మానేద్దాం" అని ముందు అన్నది నేనే. భయపడుతున్న భారతి చేత ఒట్టు కూడా వేయించాను.

ఏడో రోజు నేనక్కడుండగానే కనకయ్య సుబ్బమ్మ ఇంటికొచ్చి, నా వైపు చెయ్యి చూపించాడు.

"నాగవల్లి నిన్న వచ్చిపోయిందిగా. మీకేం రోగం?"

సుబ్బమ్మ నా వైపు చూసింది. "నేనెళ్ళలేదక్కా" అని ఆవిడతో అన్నాను.

"మా పిల్ల మీద అబద్ధాలాడతావా? నెల్లాళ్ళైనా రాం, పో!" అని ఆవిడ విరుచుకుపడింది. ఖాళీ గదులు భరించలేక రెండు రోజులకి అతనే పాత ఎనభైకి దిగాడు.

అక్కా, అతను చెప్పింది నిజం. పాపకి జ్వరమని నీ ఉత్తరం అందిన రోజది. వెనక మెట్ల మీదుగా లాడ్జికి వెళ్ళాను. అన్నీ పోను అరవై మిగిలాయి. నీకు ముందు పంపిన యాభై అందులోవే.

"నీ మాట మీదే నిలబడ్డా వదినా" అని భారతి నా చేతులు పట్టుకుంటే ఇక దాచలేకపోయాను. భారతి ఎదుటే సుబ్బమ్మకి చెప్పేశాను. బియ్యంలో రాళ్ళేరుతున్న ఆవిడ చేట పక్కన పెట్టింది.

"ఎంత మిగిలింది?"

"అరవై."

"ఆ రోజు మా ఇళ్ళల్లో పొయ్యి వెలగలా. మూడు వాటాలెయ్యి."

ఈసారి నీకు పంపాల్సిన డబ్బులోంచి ఇద్దరికీ ఇరవయ్యేసి ఇచ్చాను. సుబ్బమ్మ కొంగున ముడేసుకుంది. నాతో మాట్లాడటం మానేసింది. నిన్న ఆటో ఎక్కబోతే మాత్రం, జరిగి చోటిచ్చింది.

యామినికి ముద్దులు.

ఇట్లు,
నీ చెల్లెలు
నాగవల్లి